మీ చేలో వానపాములు ఎక్కడెక్కడున్నాయో తవ్వి తెలుసుకోవడం ఎలా

2019 ఆగస్టులో మా శెనక్కాయ చేనికని ఐదు కిలోల వానపాములు కొనుక్కొచ్చాను. అమ్మినాయన "ఊరికే చల్లేయండమ్మా, మూడు నెలల్లో నేలంతా గుల్లబారిపోతుంది" అన్నాడు. ఎండ తగ్గాక, నేల తడిపి, సాళ్ల మధ్య జాగ్రత్తగా వదిలాను. ఎనిమిదో రోజు పొద్దున పార తీసుకుని పది చోట్ల తవ్వితే ఒక్కటి కూడా కనపడలేదు. మా మామ వేపచెట్టు కింద కూర్చుని చూస్తున్నారు. "ఆడ యాడుంటాయమ్మా, ఈ గెనిమ కింద తవ్వు" అన్నారు. గెనిమ అంటే మా వైపు చేని గట్టు. తవ్వాను. ఒక్క పార మట్టిలో నాలుగు వచ్చాయి. అయితే అవి నేను కొన్నవి కావు. సన్నగా, బూడిద రంగులో, తలవైపు కొంచెం ఊదాగా ఉన్నాయి. ఎప్పటినుంచో మా నేలలోనే కాపురం ఉన్నవి.

నేను తిరుపతిలో జువాలజీ ఎమ్మెస్సీ చదివాను. ల్యాబ్‌లో వానపామును కోసి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. చంద్రగిరి దాటాక స్వర్ణముఖి ఏటి పక్కనున్న మా మూడున్నర ఎకరాల్లో ఏ వానపాము బతుకుతోందో మాత్రం నాకు తెలీదు. ఆ రోజు చాలా బాధేసింది. అప్పటినుంచి ఏటా తవ్వి, లెక్కపెట్టి, నోటుబుక్కులో చేని పటం గీసుకుంటున్నాను. వానపాములు కొనే ముందు, ఎరువు వేసే ముందు, గెనిమలు చెక్కే ముందు ఈ పని ఒక్కసారి చేసి చూడండి. పెద్ద ఖర్చేం లేదు. రెండు పొద్దులు చాలు.

ఏ వానపామును వెతుకుతున్నాం?

మన దేశంలో నాలుగు వందలకు పైగా వానపాము జాతులున్నాయి. అన్నీ ఒకే చోట, ఒకే తీరున బతకవు. 1970ల్లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మార్సెల్ బుషే వాటిని బతికే తీరును బట్టి మూడు గుంపులుగా విడదీశారు. పైపైన ఆకుచెత్తలో, పేడలో ఉండేవి ఒక గుంపు. మట్టి లోపలే అడ్డంగా తిరుగుతూ మట్టినే తిని బతికేవి రెండో గుంపు. నిలువు బొరియ చేసుకుని, రాత్రిపూట పైకొచ్చి కుళ్లిన ఆకు తిని, మళ్లీ లోపలికి పోయేవి మూడో గుంపు.

నేను కొన్నవి ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజెనియే. వర్మీకంపోస్టు తొట్లలో పెంచేది ఎక్కువగా దీన్ని, యూరప్ నుంచి వచ్చిన ఐసీనియా ఫెటిడాని. పేడ, చెత్త, నీడ, ఎప్పుడూ ఆరని తడి ఉంటేనే వీటికి ఇల్లు. వాటిని తీసుకెళ్లి ఆగస్టు ఎండలో ఎర్ర గరప నేలలో వదలడం అంటే చేపను గట్టు మీద పెట్టడమే. తొట్టిలో అవి బంగారం లాంటి పని చేస్తాయి. చేలో వాటికి పని లేదు.

గెనిమ కింద దొరికింది లాంపిటో మారిటీ. దక్షిణ భారతంలో చాలా చోట్ల కనపడేది, మన చేలల్లో మీరు ముందుగా వెతకాల్సింది ఇదే. 1860లలో స్వీడన్ శాస్త్రవేత్త కిన్‌బెర్గ్ దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. మారిషస్ నుంచి తెచ్చిన వానపామును చూసి పెట్టడంతో ఆ దీవి పేరు దీనికి అతుక్కుపోయింది. పుట్టిల్లు మాత్రం మన వైపే. మొక్కల వేళ్లకు అంటుకున్న మట్టితో పాటు హిందూ మహాసముద్రం దీవులకూ, ఆగ్నేయాసియాకూ పాకిందని శాస్త్రవేత్తలు చెబుతారు. మన గెనిమ కింద ఉండేదానికి మారిషస్ పేరు ఉండడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఎప్పుడు తవ్వాలి

రోహిణి కార్తెలో తవ్వి "మా చేలో వానపాములే లేవు" అనుకునేవాళ్లు చాలామంది. వానపాము చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఆ చర్మం తడిగా ఉండి తీరాలి. రోహిణి ఎండకు రోళ్లే పగులుతాయంటారు, ఇక పై జానెడు మట్టిలో ఏం మిగులుతుంది? అందుకని అవి లోపలికి దిగిపోతాయి.

2020 మే నెలలో మా బావి పక్కన పైపు కోసం గుంత తీస్తుంటే రెండడుగులు దాటాక గడ్డపార దెబ్బకు ఒక మట్టిపెళ్ల విరిగింది. దాని లోపల నిమ్మకాయ పట్టేంత గుండ్రటి గూడు. గోడలు చేత్తో అలికినట్టు నున్నగా ఉన్నాయి. మధ్యలో ఒక వానపాము తనను తానే ముడేసుకుని దారపు ఉండలా పడి ఉంది. కదలిక లేదు. చచ్చిందేమో అనుకున్నాను. అరచేతిలో పెట్టుకుని రెండు చుక్కల నీళ్లు వేసి చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకు ఒక చివర సన్నగా వణికింది. ముడి మెల్లగా సడలింది. వెంటనే పెళ్లలో పెట్టి, పక్కన తేమగా ఉన్న చోట లోతుగా పూడ్చేశాను. మీకూ ఇలా దొరికితే నీళ్లు పోసి లేపకండి, నేను చేసింది తప్పు. వాన వచ్చేదాకా అవి ఉన్న శక్తిని దాచుకుంటూ పడుకుంటాయి.

మనకు నైరుతి వానలూ పడతాయి, ఈశాన్య వానలూ పడతాయి. అందువల్ల తవ్వడానికి ఏడాదిలో రెండు అదనులు దొరుకుతాయి. చిత్త, స్వాతి కార్తెలు, అంటే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా అన్నిటికన్నా మంచిది. అప్పటికి నేల లోపలిదాకా నానుతుంది, పెద్దవీ పిల్లలూ అన్నీ పైకొచ్చి ఉంటాయి. ఏదైనా కారణంతో అప్పుడు కుదరకపోతే ఆగస్టులో రెండు గట్టి వానలు పడ్డాక చూడండి. ఒక్క వానకే తొందరపడొద్దు. పై నాలుగు అంగుళాలు తడిసినంత మాత్రాన లోపలున్నవాటికి కబురు అందదు. వాన వెలిసిన మూడో రోజు, పొద్దున ఎనిమిదిలోపు తవ్వడం నా అలవాటు.

ఎక్కడ తవ్వాలి

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గుళికలు గుళికలుగా వానపాము మట్టి కనపడిన చోటే తవ్వుతారు. అలా చేస్తే చేనంతా వానపాములే అన్నట్టు లెక్క వస్తుంది. ముందు మీ పొలాన్ని రకాలుగా విడదీసుకోండి: మామిడి చెట్ల నీడ, కాలవ పక్క గెనిమ, మెట్ట చేను, చెరకు మడి, చౌడు మరక ఉంటే అది, ఇసుక మేట ఉంటే అది. ఒక్కో రకంలో ఐదు గుంతలు. ఎక్కడ తవ్వాలో కన్నుతో ఎంచుకోవద్దు. నేనైతే వెనక్కి తిరిగి ఒక గులకరాయి విసురుతాను, అది పడిన చోటే తవ్వుతాను. మా పాప ఈ పని కోసమే సెలవు రోజున పొద్దున్నే లేస్తుంది.

పేడదిబ్బ అంచున, స్నానాల నీళ్లు పారే అరటి పాదులో కూడా చూడండి, కానీ ఆ లెక్కను చేని లెక్కతో కలపొద్దు. అక్కడ ఎర్రగా ఊదాగా మెరుస్తూ, ముట్టుకోగానే మెలికలు తిరిగేవి పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కావచ్చు. అదీ మన వైపుదే. పైపైన చెత్తలో బతికే రకం.

ఇంకొక్క మాట. శేషాచలం అడవిలోకి పోయి తవ్వొద్దు. అందులో జాతీయ ఉద్యానవనం ఉంది, 2010 నుంచి అది బయోస్ఫియర్ రిజర్వు కూడా. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ మట్టి గానీ ప్రాణి గానీ తీయకూడదు.

తవ్వే పద్ధతి

కావాల్సినవి ఇవి: పదునైన పార, చిన్న గడ్డపార, స్కేలు, పరిచేందుకు యూరియా సంచి, తెల్ల పళ్లెం, కొద్దిగా నీళ్లున్న బక్కెట్టు, భూతద్దం, నోటుబుక్కు.

25 సెంటీమీటర్ల చదరం గీయండి. 30 సెంటీమీటర్ల లోతు దాకా తవ్వాలి. ఉష్ణమండల దేశాల్లో నేల జీవుల్ని లెక్కించేవాళ్లు వాడే కొలత ఇది. ముందు నాలుగు వైపులా పారను నిలువుగా, గబగబా దించేయండి. నెమ్మదిగా గీకుతూ కూర్చుంటే అడుగుల అదురుకే అవి లోపలికి జారుకుంటాయి. నా మొదటి ఏడాది లెక్కలు సగం తప్పు కావడానికి అదే కారణం. పాప కాలవ గట్టు మీద గెంతుతుంటే గుంతలో ఏమీ దొరికేది కాదు.

మట్టిని పది సెంటీమీటర్లకు ఒక వాటా చొప్పున మూడు వాటాలుగా తీసి, సంచి మీద వేరు వేరుగా పోయండి. చేత్తో పెళ్లలు విరుస్తూ వెతకండి. పార తెగ్గొట్టినవాటిలో తల ఉన్న ముక్కనే లెక్కపెట్టండి, లేకపోతే ఒక్కటే రెండవుతుంది. పెసరగింజంత, పసుపో గోధుమో రంగులో గట్టి ముత్యాల్లాంటివి కనపడితే అవి గుడ్ల తిత్తులు. వాటినీ రాసుకుని మట్టిలోనే వదిలేయండి. ఏ వాటాలో ఎన్ని వచ్చాయో విడిగా రాయడం ముఖ్యం. అక్టోబరులో మావి చాలావరకు పై రెండు వాటాల్లో ఉంటాయి, జనవరికల్లా మూడో వాటాకి దిగుతాయి. ఒక గుంత లెక్కను 16తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్నో వస్తుంది.

నిలువు బొరియల్లో లోతుగా ఉన్నవి ఇలా అన్నీ దొరకవు. వాటికి ఆవాల నీళ్లు పోయాలి. వంద గ్రాముల ఆవాలు మెత్తగా పొడి కొట్టి, కొద్ది నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున దాన్ని పది లీటర్ల నీళ్లలో కలపండి. అర మీటరు చదరంలో గడ్డి కోసేసి, సగం నీళ్లు మెల్లగా పోయండి. పది నిమిషాలు ఆగి మిగతా సగం పోయండి. ఆవఘాటు చర్మానికి మంట పెట్టడంతో అవి ఒక్కొక్కటే పైకొస్తాయి. పూర్తిగా బయటికొచ్చేదాకా లాగకండి, తెగిపోతుంది. వచ్చినదాన్ని వెంటనే మంచి నీళ్లలో ముంచి కడగాలి. ఇది మరిచిపోతే అది ఆ మంటకే చచ్చిపోతుంది.

చేతిలోకి తీసుకుని గుర్తుపట్టడం

తెల్ల పళ్లెంలో తడి ఆరకుండా పెట్టుకోండి. మెడ దగ్గర ఉంగరం తొడిగినట్టు లావుగా కనపడే పట్టీని క్లైటెల్లం అంటారు. అది ఉంటేనే పెద్దది. లేనివి పిల్లలు, వాటి జాతి చెప్పడం కష్టం కాబట్టి విడిగా లెక్క రాయండి. వానపాము ఒంట్లో ఉంగరంలా కనపడే ఒక్కో భాగాన్ని ఖండితం అంటారు. క్లైటెల్లం ఏ ఖండితం దగ్గర మొదలై ఎక్కడ ఆగిందో భూతద్దంతో తల నుంచి లెక్కపెట్టండి. మనం స్కూల్లో చదువుకున్న ఫెరెటిమాకి అది 14 నుంచి 16 దాకా మూడు ఖండితాల్లో ఉంటుంది. లాంపిటోకి 14 నుంచి 17 దాకా నాలుగు. 18వ ఖండితం కింద రెండు మగ రంధ్రాలుంటాయి. పొడవు ఎనిమిది నుంచి ఇరవై సెంటీమీటర్ల దాకా. ఒళ్లు బూడిద లేదా ముదురు పసుపు, తలవైపు వీపు మీద ఊదా ఛాయ.

ఒక చిన్న పరీక్ష. వానపామును పొడి కాగితం మీద పెట్టి, చెవి దగ్గరగా పెట్టి వినండి. సన్నగా గీరుతున్న చప్పుడు వస్తుంది. అవి శూకాలు, దాదాపు ప్రతి ఖండితం మీదా ఉండే, కంటికి కనపడనంత సన్నటి ముళ్లు. వాటిని నేలకు గుచ్చి పట్టుకుని నడుస్తుంది. లాంపిటోకి అవి ఖండితం చుట్టూ వలయంలా ఉంటాయి. తొట్టిలో పెంచే యూడ్రిలస్‌కి ఒక్కో ఖండితానికి ఎనిమిదే. తోక చివర మరీ గరుకుగా, ముళ్లు వరుస తప్పి ఒకటి విడిచి ఒకటిగా అమరి ఉంటే అది పాంటోస్కోలెక్స్ కొరెత్రూరస్ కావచ్చు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి ప్రపంచమంతా పాకిన జాతి. నర్సరీ మొక్క కుండీలో మట్టి ఉండతో పాటు వచ్చేస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క నాటే ముందు ఆ ఉండ ఒకసారి విప్పి చూడమనేది అందుకే.

ఫొటో తీసుకున్నాక వదిలేయండి. చంపి సీసాలో పెట్టాల్సిన అవసరం రైతుకు లేదు.

పటంలో నాకేం కనపడింది

2023 స్వాతి కార్తెలో మా లెక్కలు చెబుతాను, మీ లెక్కలతో పోల్చుకోవడానికి. కాలవ పక్క గెనిమలో గుంతకు సగటున 13, అంటే చదరపు మీటరుకు 208. మామిడి నీడలో 7. చెరకు కార్సి మడిలో, అంటే కొట్టాక మోడు నుంచి మళ్లీ చిగురించిన చెరకులో, ఆకు పరిచిన చోట 10. పక్క చేని అన్న చెరకు కొట్టాక ఆకు తగలబెట్టారు, ఆయన్ని అడిగి అక్కడ తవ్వితే 2. శెనక్కాయ చేలో ఒకటి. నేల అంతా ఒకే ఎర్ర గరప, వాన ఒకటే, మధ్యలో ఉన్నది ఒక్క గెనిమ. తేడా అంతా నీడలో, తేమలో, పైనున్న కప్పులో ఉంది. శెనక్కాయ చేను ఎండాకాలమంతా బోడిగా ఉంటుంది, దున్నుడు ఎక్కువ, తినడానికి చెత్త ఉండదు.

ఇంకో పుట ఉంది, నేను ఎక్కువసార్లు తిరగేసేది అదే. 2021 నవంబరు వరదకు స్వర్ణముఖి పొంగి మా కింది మడి మీద జానెడు పైన ఇసుక మేట వేసి పోయింది. ఆ మూడు రోజులు రోడ్డు మీద ఎక్కడ చూసినా వానపాములే. నీళ్లు నిలిచి లోపల గాలి ఆడక పైకొచ్చి, వెలుతురు వచ్చాక ఎండి చచ్చిపోయాయి. 2022లో ఆ మడిలో ఐదు గుంతలూ సున్నా. ఆ ఏడు జీలుగ చల్లి కలియదున్నాం, పశువుల ఎరువు తోలాం. 2023లో గెనిమకు మూడు మీటర్ల లోపల తవ్వితే 3 వచ్చాయి, మడి మధ్యలో సున్నా. 2024లో మధ్యలో కూడా ఒకటి దొరికింది. ఆ ఒక్కదాన్ని మా మామకు చూపిస్తే ఆయన చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. "గెనిమ లోంచి నడిచొచ్చిందిమ్మా" అన్నారు. నిజమే, వానపాములు కొత్త చోటికి ఏడాదికి కొన్ని మీటర్లే పాకుతాయి. గెనిమ అక్కడ లేకపోతే వచ్చేవి ఎక్కడినుంచి?

అందుకే ఇప్పుడు మేం గెనిమలు అన్నీ ఒకే ఏడు చెక్కం. ఒకటి చెక్కితే పక్కది వదిలేస్తాం. రోటవేటర్ కాలవ పక్క రెండు సాళ్లలోకి రానివ్వం. చెరకు ఆకు తగలబెట్టం. కార్బోఫ్యూరాన్ గుళికలు వాడడం మానేశాం, అవి పురుగుతో పాటు వానపామునూ చంపుతాయి. శెనక్కాయ పీకాక నేలను బోడిగా వదలకుండా ఉలవ చల్లుతున్నాం. వచ్చే స్వాతికి ఆ చేని లెక్క ఒకటి నుంచి ఎంతకు పోతుందో చూడాలి.

గుంత పూడ్చేటప్పుడు అడుగు మట్టి అడుక్కి, పై మట్టి పైకి వచ్చేలా వేయండి. దొరికినవాటిని పూడ్చిన గుంత మీద వదిలి, చెంబుడు నీళ్లు చల్లి, గుప్పెడు ఆకుచెత్త కప్పండి. కాకులు, కొంగలు వెంటే ఉంటాయి కాబట్టి అవి లోపలికి దిగేదాకా రెండు నిమిషాలు అక్కడే నిలబడండి. గుర్తుకు ఒక కంది పుల్ల గుచ్చండి. వచ్చే ఏడు ఆ గుంతలోనే తవ్వకుండా ఒక బార ఇవతల తవ్వండి. తేదీ, చివరి వాన ఎప్పుడు పడిందో రాసుకున్నాకే చేతులు కడుక్కోండి. ఇంటికెళ్లాక రాద్దాం అనుకుంటే ఏ గుంతలో ఎన్నో కలిసిపోతాయి.